అస్రపశబ్దము – రాక్షసప్రణయము

హైదరాబాదు నగరము వెలుపలి వలయరహదారిని దాటి ఉత్తరమున మేడ్చలు, శామీరుపేటల వైపు వ్యాపించుచున్నది. అచ్చటి పాఠశాలలలో అమరకోశము చెప్పవలసి వచ్చిన పండితుడు, ‘ట్వైలైట్’ వంటి ఆంగ్లనవలలు చదివిన విద్యార్థికి అస్రపశబ్దము నెట్లు వివరింపవలెను? ఆ శబ్దమునకు రక్తము త్రాగువాడని యర్థము చెప్పినంతనే, అట్టివాడు తాను చదివిన కథలో నాయకుడని విద్యార్థి యనవచ్చును.

స్టెఫనీ మేయరు రచించిన ఆ నవల 2005లో వెలువడినది. రక్తపానము చేయు జాతికి చెందిన యువకుడు మానవకన్యను ప్రేమించుట అందలి వస్తువు. అతని కుటుంబమువారు మనుష్యరక్తమును వర్జించి మృగరక్తముతో జీవింతురు. కథయొక్క తరువాతి భాగములలో తోడేలురూపము దాల్చు యువకుడును ఆమెనే కోరును. పూర్వ మిట్లు లేదు. 1819 నాటి పోలిడోరి కథలో రక్తపాయి వంచకుడు. 1897 నాటి బ్రామ్ స్టోకరు ‘డ్రాక్యులా’లో వధ్యుడు. 1993లో లారెల్ హామిల్టను ఆరంభించిన నవలలలోనో, సెయింట్ లూయిస్ నగరమున వాడు చట్టసమ్మతుడగు పౌరుడే అయినాడు.

ఇట్టివానికి మనవాఙ్మయమున సాటి వెదకువారు సాధారణముగా భేతాళుని చూపుదురు. 1870లో బర్టను విక్రమార్కకథలను ఆంగ్లమున వ్రాయుచు భేతాళుని ‘వాంపైరు’ అనుటయే దీనికి కొంత కారణము. కాని ఆ కథలలోని భేతాళుడు శవము నాశ్రయించి చిక్కుప్రశ్నలు వేయువాడు. వాని ఆకలి రాజు బుద్ధిమీదనే గాని రక్తముమీద కాదు. సాటి వెదకవలసిన చోటు వేరు.

అమరసింహుడు రాక్షసనామములను పఠించుచు క్రవ్యాత్, క్రవ్యాద, అస్రప, రాత్రించర శబ్దములతోపాటు పుణ్యజనశబ్దమును గూడ చేర్చెను. అస్రము రక్తము, దానిని త్రాగువా డస్రపుడు. యోగార్థమున రక్తము త్రాగిన ప్రతివాడును అస్రపుడే; రూఢిచే రాక్షసుడు మాత్రమే. పుణ్యజనశబ్దమున నిది తలక్రిందైనది. యోగార్థమున మంచివాడు, రూఢిచే రాక్షసుడు. దీనిని విపరీతలక్షణగా గ్రహింపవచ్చును. అయినను, రక్తము త్రాగువానికిని మంచివానికిని నిఘంటువు ఒక్క వరుసలోనే చోటిచ్చుట గమనింపదగినది.

క్రవ్యశబ్దమునకై పాణిని ప్రత్యేకముగా నొక సూత్రము చేసెను. అచ్చట కాశికాకారుల వివేచన మిక్కిలి రుచ్యము. పచ్చిమాంసము తినువాడు క్రవ్యాత్తు. కోసి వండిన మాంసము తినువాడు క్రవ్యాదుడు. ఒక్క అకారముతో వంటయిల్లు వచ్చినది! మృగరక్తముతో తృప్తిపడు మేయరు కుటుంబమును మిగిలిన రక్తపాయులనుండి వేరుచేయునదియు ఇట్టి ఆహారభేదమే కదా.

ఇక కథకు వత్తము. పదునొకండవ శతాబ్దిని రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమున హిడింబావృత్తాంతము కలదు. లక్కయింటినుండి వెడలిన పాండవులు అడవిలో నిద్రించుచుండగా భీముడు కావలియుండెను. వారిని చంపి తెమ్మని హిడింబాసురుడు చెల్లెలిని పంపెను. ఆహారమునకై వచ్చిన హిడింబ భీముని చూచి వలచి, కామరూపిణి గనుక సుందరరూపము దాల్చెను. రూపము మార్చెనే గాని జాతిని దాచలేదు. అన్న యేమి చేయుమని పంపెనో అదియు చెప్పెను. డ్రాక్యులా తన యతిథికి చెప్పనిది ఈమె ముందే చెప్పినది.

అన్నను చంపిన భీముడు ఆమెపైకిని చేయెత్తగా ధర్మరాజు వారించెను. వ్యాసభారతమున ఆయన విధించిన నియమము విచిత్రమైనది. పగటియం దామె భీమునితో విహరింపవచ్చును. రాత్రికి మాత్ర మతనిని సోదరులకడకు చేర్పవలెను. రాత్రించరికి దక్కినది పగలు! ఘటోత్కచుడు పుట్టినంతట ఆ గడువు తీరినది; ఆమె వెడలిపోయెను. హామిల్టను కథలలో రక్తపాయికి లభించిన పౌరత్వము హిడింబకు లభింపలేదు. ప్రణయ మంగీకృతమైనది గాని పురప్రవేశము కాలేదు.

భీముని పేరును విచారింపవలసియున్నది. వృకోదరుడనగా తోడేలుకడుపువాడు, బహువ్రీహి. పండ్రెండవ శతాబ్దిని మరీ ద ఫ్రాన్స్ వ్రాసిన ‘బిస్‌క్లావ్రే’ కావ్యమున, భర్త వారమునకు మూడుదినములు తోడేలగునని యెరిగిన భార్య అతని వస్త్రములను దొంగిలింపజేసి, మరల మనుష్యుడు కాకుండ చేయును. హిడింబకు వృకోదరునివలన అట్టి భయము కలుగలేదు. కలుగుటకు కారణములు లేకపోలేదు. కర్ణపర్వమున దుశ్శాసనుని రొమ్ము చీల్చి రక్తము త్రాగినవాడు హిడింబ కాదు, భీముడు. చూచినవారు వీడు మనుష్యుడు కాడని పరుగిడిరి. రూఢిచే అస్రపయగు హిడింబ భారతమున పాండవులలో నెవ్వరి రక్తమును త్రాగలేదు; యోగార్థమున అస్రపుడు ఆమె భర్తయే.

స్త్రీపర్వమున గాంధారి యీ విషయమునే యడుగగా, ఆ రక్తము పెదవులను, దంతములను దాటి లోనికి పోలేదని భీముడు విన్నవించెను. గొంతు దాటనిచో పాధాతువున కవకాశము లేదు. అస్రపశబ్దమునుండి తప్పించుకొనుటకు అతనికి మిగిలిన త్రోవ అదియొక్కటే.