పాటను కాచిన గోడలు

పాట నేర్చుకునేవాళ్లు అద్దె ఇంటికి వెళ్తే ఇంటి ఓనరు ముందుగా అడిగేది ఒకటే: సాధన ఎన్ని గంటలకు చేస్తారు? న్యూయార్క్‌లో బ్రాడ్వే మీద, 73, 74 వీధుల మధ్య ఉన్న ఆన్సోనియాలో ఆ బెంగ లేదు. పక్క వాటాలో ఒకరు పియానో వాయిస్తుంటే, ఇవతల ఇంకొకరు గొంతెత్తి పాడుకోవచ్చు.

1899లో మొదలై 1904లో పూర్తయిన 17 అంతస్తుల భవనమిది. కట్టించినవాడు విలియం ఎర్ల్ డాడ్జ్ స్టోక్స్, రాగి వ్యాపారంలో బాగా గడించిన కుటుంబానికి వారసుడు. మూలల్లో గుండ్రటి బురుజులు, ఇనుప అల్లికల బాల్కనీలు, పారిస్ మేడల పోలిక. ఈ కట్టడాన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి మాత్రం దాని గోడలే. ఒక వాటాలో నిప్పంటుకుంటే పక్క వాటాకు పాకకూడదని మందంగా లేపిన గోడలవి. అవి చప్పుడునూ దాటనివ్వలేదు. ఆ సంగతి సంగీతకారులు పసిగట్టారు. ఒపెరా గాయకులు ఎజియో పింజా, లారిట్జ్ మెల్కియోర్, లిలీ పాన్స్ ఇక్కడ కాపురమున్నారు. స్వరకర్త స్ట్రావిన్‌స్కీ కూడా ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇళ్లను ఆ ఊళ్లో ‘ప్రీ-వార్’ అంటారు. ఇల్లు వెతికేవాళ్లు ఇప్పటికీ ఆ మాట కోసం ప్రకటనలు గాలిస్తారంటే, అందులో ఎత్తయిన కప్పులతోపాటు ఈ నిశ్శబ్దం మీద మోజూ ఉంది.

స్టోక్స్‌కు ఇంకో పట్టుదల ఉండేది: ఈ ఇల్లు తన తిండి తానే చూసుకోవాలి. మేడ మీద వందల కోళ్లను, బాతులను, మేకలను పెంచాడు. రోజూ తాజా గుడ్లు కింది వాటాలకు చేరేవి. 1907లో నగర ఆరోగ్య శాఖ ఆ పెంపకాన్ని మూయించింది. బ్రాడ్వే నడిబొడ్డున, అంత ఎత్తున కోడి కూసిన ఆ కొన్నేళ్లంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

తర్వాత పట్టించుకునేవాళ్లు తగ్గి భవనం పాతబడింది. కూల్చేసి టవర్ కట్టే ఆలోచన వచ్చినప్పుడు దానికి అడ్డు నిలిచింది అద్దెకున్నవాళ్లే. సంగీతం నేర్పేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఊరంతా తిరిగి సంతకాలు పోగుచేశారు. 1972లో నగరం దీన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. ఒక ఇంటిని దాని యజమానికన్నా అద్దెదారులే ఎక్కువగా ప్రేమించిన సందర్భం నాకు తెలిసి ఇంత గట్టిది మరొకటి లేదు.

అయితే ఆ రక్షణ భవనం పైరూపానికే. బురుజుల మీద, బాల్కనీల మీద చెయ్యి వెయ్యాలంటే అనుమతి కావాలి. వాటాలు అమ్మకానికి వచ్చాక, పక్కపక్క ఇళ్లను కలిపి పెద్దవి చేసుకునేవాళ్లు వచ్చారు. అలా కలిపిన ప్రతిచోటా ముందు కూలేది, ఒకనాడు ఇద్దరు పాటగాళ్ల మధ్య నిలబడిన గోడే.