అంతరిక్ష సమాచారానికి మూడు తాళాలు

ద్రవ ఇంధన రాకెట్ ఇంజిన్‌లో మంట ఒక్కోసారి నిలకడగా మండదు. దహన గదిలో పీడనం సెకనుకు వందల, వేల సార్లు ఎగసి పడుతుంది. ఆ ఊపు అదుపు తప్పితే ఇంజిన్ క్షణాల్లో ముక్కలైపోతుంది. దీన్నే దహన అస్థిరత అంటారు. చంద్రుడిపైకి మనుషులను పంపిన శాటర్న్-5 రాకెట్‌లోని ఎఫ్-1 ఇంజిన్‌ను ఈ సమస్య కొన్నేళ్లపాటు వేధించింది. ఇంజిన్ మండుతుండగా లోపల చిన్న బాంబు పేల్చి, ఆ కుదుపు నుంచి అది తనంతట తాను తేరుకుంటుందా లేదా అని ఇంజినీర్లు చూసేవారు. సుమారు 2000 పూర్తిస్థాయి పరీక్షల తర్వాత గానీ ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్ పలకకు సరైన రూపం కుదరలేదు.

ఈ అంశంపై ప్రాజెక్టు చేయాలనుకునే బీటెక్ విద్యార్థికి ఇంటర్నెట్‌లో వింత పరిస్థితి ఎదురవుతుంది. ఎఫ్-1 అనుభవాలతో సహా అప్పటి పరిజ్ఞానాన్ని గుదిగుచ్చి నాసా 1972లో ప్రచురించిన ఎస్‌పీ-194 అనే బృహత్ గ్రంథం పూర్తిగా ఉచితం. అదే అంశంపై నిరుడు వచ్చిన పరిశోధన పత్రం మాత్రం సారాంశం దగ్గరే ఆగిపోతుంది. మిగతాది చదవాలంటే డబ్బు కట్టాలి. ఇక ఇప్పుడు ఎగురుతున్న ఇంజిన్ ఇంజెక్టర్ కొలతలు కావాలంటే ఎంత డబ్బిచ్చినా దొరకవు.

అంటే అంతరిక్షయాన సమాచారానికి ఒకటి కాదు, మూడు తాళాలున్నాయి. ఒకటి డబ్బు, రెండోది కాలం, మూడోది చట్టం. విద్యార్థి తరఫున చందా కట్టే దాతలు, ప్రభుత్వాలు, సంస్థలు తీయగలిగేది మొదటి తాళాన్నే. ఏ తలుపుకు ఏ తాళం ఉందో తెలియక చాలామంది మూసిన తలుపు ముందే కూర్చుంటారు. పక్కన తెరిచి ఉన్న తలుపును గమనించరు.

డబ్బు తాళం

పరిశోధన జర్నళ్ల చందాలు వ్యక్తులు భరించేవి కావు. అందుకే సాధారణంగా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలే కడతాయి. ఈ భారాన్ని దేశం మొత్తానికి ఒకేసారి తీర్చే ప్రయత్నమే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న దీన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లను 6,300కు పైగా సంస్థల్లోని సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు అందించడం దీని లక్ష్యం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని సమన్వయం చేస్తోంది. ‘ఆక్టా ఆస్ట్రోనాటికా’, ‘అడ్వాన్సెస్ ఇన్ స్పేస్ రీసెర్చ్’ వంటి అంతరిక్ష రంగ జర్నళ్లను ప్రచురించే ఎల్సెవియర్ కూడా ఈ 30 సంస్థల్లో ఉంది.

ఒక రకంగా ఇది దేశమే తన విద్యార్థుల తరఫున కట్టిన చందా. అయితే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థల కోసం ఈ పథకాన్ని ఆమోదించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఇంజినీరింగ్ కళాశాలల్లో అత్యధికం ప్రైవేటువే. ఒకే ఊళ్లో, ఒకే పాఠ్యాంశం చదివే ఇద్దరు స్నేహితుల్లో ప్రభుత్వ కళాశాల విద్యార్థికి పత్రం తెరుచుకుంటుంది, ప్రైవేటు కళాశాల విద్యార్థికి తెరుచుకోదు. రాకెట్ల మీద ఆసక్తి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఈ ఖాళీలోకే అడ్డదారులు చొరబడతాయి. పత్రాలను అనుమతి లేకుండా పంచే సై-హబ్ వంటి వేదికలపై ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించాయి. కానీ సరైన దారులు కూడా ఉన్నాయి. రచయితలు చాలామంది తమ పత్రం తొలి ప్రతిని ఆర్కైవ్ వంటి వేదికల్లో ఉచితంగా పెడతారు. అక్కడ లేకపోతే రచయితకే మర్యాదగా మెయిల్ రాసి ఒక ప్రతి అడగవచ్చు. పరిశోధకుల్లో ఇది పాత ఆనవాయితీ. తమ పనిని ఒక విద్యార్థి శ్రద్ధగా చదువుతున్నాడంటే సంతోషించేవారే ఎక్కువ.

సదస్సులకూ ఇలాంటి తోడ్పాటు ఉంది. 2007 సెప్టెంబరులో హైదరాబాద్ ఆతిథ్యమిచ్చిన అంతర్జాతీయ ఆస్ట్రోనాటికల్ కాంగ్రెస్ ఏటా ఒక్కో దేశంలో జరుగుతుంది. దాన్ని నిర్వహించే సమాఖ్య ‘ఎమర్జింగ్ స్పేస్ లీడర్స్’ పేరుతో విద్యార్థులను, యువ నిపుణులను ఎంపిక చేసి, తన ఖర్చుతో సదస్సుకు రప్పిస్తుంది. 1999లో వియన్నాలో జరిగిన ఐక్యరాజ్య సమితి అంతరిక్ష సదస్సు నుంచి పుట్టిన స్పేస్ జనరేషన్ అడ్వైజరీ కౌన్సిల్‌లో యువతకు సభ్యత్వం ఉచితం. తన సమావేశాలకు హాజరయ్యేందుకు అది ఉపకార వేతనాలూ ఇస్తుంది.

కాలం తాళం

వ్యోమనౌక పంపిన సమాచారం వెంటనే అందరికీ అందదు. ఆ పరికరాన్ని ఏళ్ల తరబడి శ్రమించి తయారు చేసినవారికి, పరిశీలనను ప్రతిపాదించినవారికి మొదట విశ్లేషించుకునే హక్కు కొంతకాలం ఉంటుంది. గడువు తీరాక తలుపు తానే తెరుచుకుంటుంది. ఇక్కడ ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

2015 సెప్టెంబరులో ప్రయోగించిన ఆస్ట్రోశాట్ టెలిస్కోప్ డేటాను ఇస్రో 2018 సెప్టెంబరులో అందరికీ తెరిచింది. చంద్రయాన్-2 తొలి డేటా 2020 డిసెంబరులో బయటికి వచ్చింది. బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో ఉన్న ఇండియన్ స్పేస్ సైన్స్ డేటా సెంటర్ నడిపే ‘ప్రదాన్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. చంద్రయాన్-2, మార్స్ ఆర్బిటర్ మిషన్, ఆదిత్య-ఎల్1 డేటాను రూపాయి ఖర్చు లేకుండా దించుకోవచ్చు.

తెరిచిన తలుపు ఎంత పని చేస్తుందో 2019లోనే చూశాం. ఆ ఏడాది సెప్టెంబరు 7 తెల్లవారుజామున విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయాయి. ఆ ప్రాంతాన్ని నాసా ఎల్‌ఆర్‌ఓ ఉపగ్రహం ఫొటో తీసింది. ఆ చిత్రాన్ని సెప్టెంబరు 26న అందరికీ విడుదల చేశారు. చెన్నైకి చెందిన ఇంజినీర్ షణ్ముగ సుబ్రమణియన్ దాన్ని పాత చిత్రాలతో పోల్చి చూస్తూ, ఇదివరకు లేని ఒక చిన్న తెల్లని చుక్కను పట్టుకున్నారు. ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేలపై సుమారు 1.3 మీటర్లు. ఆయన నాసాకు తెలియజేశారు. తర్వాతి నెలల్లో తీసిన చిత్రాలతో సరిచూసిన శాస్త్రవేత్తలు అది విక్రమ్ శకలమేనని డిసెంబరులో ధ్రువీకరించి, ఆ ఘనతను ఆయనకే ఇచ్చారు. ఆయన ఏ అంతరిక్ష సంస్థ ఉద్యోగీ కాదు. ఆయన వద్ద ఉన్నవి కంప్యూటర్, ఓపిక, అందరికీ అందుబాటులో ఉన్న చిత్రం, అంతే.

చట్టం తాళం

ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే రాకెట్టే చిన్నపాటి మార్పులతో క్షిపణి కాగలదు. అందుకే రాకెట్ పరిజ్ఞానంపై దేశాలు గట్టి నిఘా పెడతాయి. అమెరికాలో ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనల కింద కొన్ని సాంకేతిక వివరాలను విదేశీయులకు చూపడమే నేరం. 2013 మార్చిలో నాసా తన సాంకేతిక నివేదికల సర్వర్‌ను ఈ కోణంలో సమీక్షించేందుకు కొంతకాలం మూసేసింది. అప్పటిదాకా ఉచితంగా దొరికిన నివేదికలు ప్రపంచమంతటా పరిశోధకులకు రాత్రికి రాత్రే అందకుండా పోయాయి. తర్వాత దాన్ని మళ్లీ తెరిచారు.

ఈ తాళం రుచి మన దేశానికి బాగా తెలుసు. క్రయోజెనిక్ ఇంజిన్లతో పాటు వాటి పరిజ్ఞానాన్నీ ఇచ్చేందుకు 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ ఇస్రోతో ఒప్పందం చేసుకుంది. అమెరికా ఒత్తిడితో 1993లో పరిజ్ఞానం సంగతి ఆగిపోయి, ఇంజిన్లు మాత్రమే వచ్చాయి. చివరకు స్వదేశీ క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్వీ-డీ5 శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. ఎవరూ చెప్పని దాన్ని సొంతంగా నేర్చుకోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

కాబట్టి చట్టం తాళం వేసిన సమాచారం కోసం దాతను వెతకడం వృథా. అలాంటి పత్రాలు ఇప్పిస్తామని ఎవరైనా అంటే దూరంగా ఉండటమే మేలు. అయితే చట్టబద్ధంగా బహిరంగంగా ప్రచురితమైన సమాచారానికి ఈ నిబంధనలు వర్తించవు. పైన చెప్పిన ఎస్‌పీ-194 అలాంటిదే. రాకెట్ ఇంజిన్ల రూపకల్పనపై హుజెల్, హువాంగ్ రాసిన ఎస్‌పీ-125 కూడా అదే సర్వర్‌లో ఉంది. వ్యోమనౌకల ప్రయాణ మార్గాలను లెక్కించే నాసా సాఫ్ట్‌వేర్ ‘జీమ్యాట్’ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

అడిగే పద్ధతి

ముందు ఉచితంగా దొరికేది పూర్తిగా చదవాలి. అప్పుడే ఏం తక్కువైందో తెలుస్తుంది. ‘అంతరిక్షం అంటే ఇష్టం, చందా కట్టండి’ అని అడిగే ఉత్తరానికి, ‘ఎస్‌పీ-194లో ఫలానా అధ్యాయం చదివాను, ఆ తర్వాత ఈ సమస్యపై ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఈ నాలుగు పత్రాలు కావాలి, ఆరు నెలలు చాలు’ అనే ఉత్తరానికి చాలా తేడా ఉంది. రెండోది రాసిన విద్యార్థికి సగం పని అప్పటికే అయిపోయినట్టు. ఒకరి పేరిట దాత కట్టిన చందా పాస్‌వర్డ్‌ను నలుగురికీ పంచితే, తర్వాత వచ్చే విద్యార్థికి ఆ అవకాశమే లేకుండా పోవచ్చు.

తాళం తీయడంతోనే పని ముగియదు. ప్రదాన్ నుంచి దించుకున్న చంద్రయాన్-2 ఫైల్‌పై నొక్కితే ఫొటోలా తెరుచుకోదు. గ్రహ డేటాకు అంతర్జాతీయంగా వాడే పీడీఎస్4 పద్ధతిలో అది ఉంటుంది. దాన్ని చదివే ప్రోగ్రాములు తెలియాలి, తప్పు చేసినప్పుడు చెప్పే మనిషి ఉండాలి. విద్యార్థులకు తోడ్పడాలనుకునే పూర్వ విద్యార్థులు, కళాశాల యాజమాన్యాలు ఈ విషయం గుర్తుంచుకోవాలి. చందాకు డబ్బిచ్చే చేతులతోనే, వారానికో గంట ఆ విద్యార్థుల పక్కన కూర్చునే ఒక అధ్యాపకుడి సమయాన్నీ ఇవ్వాలి. బడ్జెట్ కాగితంలో ఆ గంటకు పెద్ద అంకె పడదు. కానీ చంద్రుడి చిత్రంలో కొత్త చుక్కను చూసిన విద్యార్థికి, అది శకలమా, కెమెరా లోపమా అని అడిగేందుకు ఒక మనిషి దొరికేది ఆ గంటలోనే.