మీకు తెలుసా? స్కోరు కార్డుకు ఎక్కని గురి

● ఎన్‌బీఏలో కెరీర్ మొత్తమ్మీద అత్యధిక త్రీ పాయింటర్ శాతం స్టెఫ్ కరీది కాదు, అతని కోచ్ స్టీవ్ కెర్‌ది: 45.4. 1988 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో) 50వ స్థానం వచ్చేదాకా కెర్ పేరు ఎవరూ పిలవలేదు. ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేదు, మ్యాచ్‌కు సగటు 6 పాయింట్లే. ఆటగాడిగా గెలిచిన టైటిళ్లు మాత్రం 5.

● 2003 డ్రాఫ్టులో న్యూజెర్సీ నెట్స్ 51వ స్థానంలో కైల్ కోర్వర్‌ను ఎంచుకుని, ఫిలడెల్ఫియాకు 1,25,000 డాలర్లకు అమ్మేసింది. ఆ సొమ్ము సమ్మర్ లీగ్ ఖర్చులకు పోగా, మిగిలినదాంతో ఆఫీసుకు జిరాక్స్ మిషన్ కొన్నారు. కోర్వర్ 17 సీజన్లు ఆడి 2,450 త్రీలు వేశాడు. ఒక ఆటగాడికి ఇంత తక్కువ విలువ కట్టిన సందర్భం నాకు మరొకటి తోచదు.

● నూటికి 40 త్రీలు పడితే 120 పాయింట్లు. రెండు పాయింట్ల షాట్లతో అన్ని రావాలంటే నూటికి 60 పడాలి.

● మరి ఇలాంటి షూటర్లంటే చిన్నచూపు ఎందుకు? స్కోరు కార్డులో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు ఉంటాయి. మూలన నిలబడిన షూటర్‌ను వదల్లేక డిఫెండర్ అక్కడే ఉండిపోతే, ఆ ఖాళీలోంచి స్టార్ దూసుకెళ్లి బాస్కెట్ చేస్తాడు. పాయింట్లు స్టార్ ఖాతాలో పడతాయి. బంతిని తాకకుండానే దారి తెరిచినవాడి పేరు ఎక్కడా ఉండదు. డిఫెన్స్‌లో ఇలాంటివాళ్లు బలహీనులని, ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థులు వాళ్లనే వెతికి మరీ ఎదుర్కొంటారని అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కానీ ఆ నష్టం కంటికి కనిపిస్తుంది, లాభం కనిపించదు. తేడా అంతా అక్కడే.

● షూటర్‌ను వదిలేస్తే ఏమవుతుందో 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో యూటా జాజ్‌కు తెలిసొచ్చింది. స్కోరు 86-86. టైమవుట్‌లో చికాగో స్టార్ జోర్డాన్ పక్కనే కూర్చున్న సహచరుడు కెర్‌తో, యూటా ఆటగాడు స్టాక్టన్ నిన్ను వదిలి నా మీదికి వస్తాడు, సిద్ధంగా ఉండమన్నాడు. ఉంటానన్నాడు కెర్. అచ్చం అలాగే స్టాక్టన్ కదిలాడు, జోర్డాన్ పాస్ ఇచ్చాడు. ఫ్రీ త్రో గీత దగ్గర్నుంచి కెర్ కొట్టిన షాట్ మరో 5 సెకన్లు మిగిలుండగా పడింది. అది త్రీ కూడా కాదు. చికాగో 90-86తో టైటిల్ గెలిచింది.

● 1994-95లో కెర్ 52.4 శాతం త్రీలు వేసి రికార్డు పెట్టాడు. అయితే ఆ ఏడాదే త్రీ పాయింట్ గీతను 22 అడుగులకు దగ్గర చేశారు. తర్వాత 23 అడుగుల 9 అంగుళాల పాత గీతే తిరిగొచ్చింది (మూలల్లో మాత్రం 22). దాని వెనక నుంచి 2009-10లో కోర్వర్ 110కి 59 వేసి, 53.6 శాతంతో ఆ రికార్డు దాటాడు. నా ఓటు కోర్వర్‌కే.

● 2015 జనవరిలో అట్లాంటా హాక్స్ ఆడిన 17 మ్యాచ్‌లూ గెలిచింది. ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఆ నెల ఉత్తమ ఆటగాడి అవార్డును కోర్వర్‌తో సహా మొదటి ఐదుగురికీ కలిపి ఇచ్చారు. అయినా 33 ఏళ్ల కోర్వర్‌కు తొలి ఆల్‌స్టార్ పిలుపు వచ్చింది డ్వేన్ వేడ్ గాయపడ్డాకే.