ఆపరేషన్ అయింది కదా, ఇంక భయమేంటి?

ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళు. ఇద్దరు బిడ్డలు. రెండో కాన్పు కాగానే ఆపరేషన్ చేయించుకుంది. భర్త లారీ డ్రైవరు. నెలకు రెండుసార్లు ఇంటికి వస్తాడు.

డ్వాక్రా మీటింగు అయిపోయింది. అందరూ లేచి వెళ్ళారు. ఆ పిల్ల మాత్రం నర్సమ్మ పక్కనే కూర్చుంది. చాలాసేపటికి నోరు విప్పింది.

"అక్కా, ఆర్నెల్ల నుంచి తెల్లబట్ట అవుతోంది. నీచు వాసన. ఆయన దగ్గరికొస్తే నొప్పి."

"ఎవరికైనా చూపించావా?"

"ఆరెంపీ డాక్టరు సూదేశాడు. తగ్గింది. ఆయన వచ్చి వెళ్ళాక మళ్ళీ మొదలైంది. ఇట్లా మూడుసార్లు."

"మరి మీ ఆయన మందు వాడాడా?"

"ఆయనకేం రోగం అక్కా? గుండ్రాయిలా ఉన్నాడు."

"నిరోధ్ వాడతారా?"

ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది. "ఆపరేషన్ అయింది కదక్కా! ఇంక అదెందుకు?"

ఇది ఆ పిల్ల ఒక్కదాని మాట కాదు. మనలో చాలామంది అనుకునేదే.

ఆపరేషన్ ఏం చేస్తుంది? గర్భసంచికి రెండు పక్కలా రెండు సన్నని గొట్టాలు ఉంటాయి. అండం ఆ గొట్టాల్లోంచి వస్తుంది. డాక్టరు ఆ గొట్టాలను మూసేస్తారు. ఇక కడుపు రాదు. అంతవరకే దాని పని. రోగం వచ్చే దారి మాత్రం తెరిచే ఉంటుంది. మాత్రలు మింగినా, లూప్ వేయించుకున్నా అంతే. పిల్లల్నీ ఆపి, రోగాన్నీ ఆపేది కండోమ్ ఒక్కటే. మనం నిరోధ్ అంటాం.

2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి సుమారు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. చాలామందికి పాతికేళ్ళు నిండకుండానే అయిపోతుంది. నిరోధ్ వాడేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. (మగవాళ్ళ ఆపరేషన్ ఇంతకంటే సులువు. దాని మాట ఎవరూ ఎత్తరెందుకో!)

పెళ్ళికాని పిల్లలది ఇంకో రకం నమ్మకం. "నన్ను ప్రేమిస్తున్నాడు. అట్లాంటివాడు కాదు" అనుకుంటారు. నిరోధ్ అడిగితే అనుమానించినట్టు అవుతుందని భయం. తననే చెడ్డదనుకుంటాడని ఇంకో భయం. కానీ రోగం మంచివాడా చెడ్డవాడా అని చూడదు. తనకు రోగం ఉన్నట్టు అతనికే తెలియకపోవచ్చు. ఆడవాళ్ళకైతే సెగ, సవాయి వంటి రోగాలు వచ్చినా చాలాసార్లు బయటికి ఏమీ కనిపించదు.

అట్లాగని తెల్లబట్ట అంతా రోగం కాదు. నెల మధ్యలో గుడ్డులోని తెల్లసొనలా, వాసన లేకుండా కొంచెం అవుతుంది. అది సహజం. విరిగిన పెరుగులా ఉండి బాగా దురద పెడితే, అది ఒక రకం బూజు. మందుతో పోతుంది. అది భర్త వల్లే వచ్చిందని చెప్పలేం. కాబట్టి ముందే తగువు పెట్టుకోవద్దు. పసుపుగా, ఆకుపచ్చగా అవుతున్నా, నీచు వాసన వస్తున్నా, పుండ్లు లేచినా, పొత్తికడుపు నొప్పి ఉన్నా వెంటనే చూపించుకోవాలి. లోపల సబ్బుతోనో డెట్టాలుతోనో కడగకూడదు. దానివల్ల ఇంకా ఎక్కువవుతుంది.

చూపించుకోకపోతే ఏమవుతుంది? రోగం గర్భసంచిలోకి, గొట్టాల్లోకి పాకుతుంది. పిల్లలు లేనివాళ్ళకు పిల్లలు పుట్టకపోవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు సవాయి ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. ముందే రక్తం పరీక్ష చేసి పెన్సిలిన్ సూది వేస్తే బిడ్డ దక్కుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళ్తే, "గర్భసంచి తీసేయాలి, లేకపోతే కాన్సర్ వస్తుంది" అని భయపెట్టేవాళ్ళు ఉన్నారు. ముప్పై ఏళ్ళకే గర్భసంచి పోగొట్టుకుని, అప్పుల పాలైన అక్కచెల్లెళ్ళు మనకు తెలుసు. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో అందరికంటే ఎక్కువగా కనిపించింది ఆంధ్రప్రదేశ్‌లో. ఆ తర్వాత తెలంగాణ. తెల్లబట్ట ఒక్కదానికే గర్భసంచి తీయనక్కరలేదు. ఎవరైనా అట్లా చెబితే ఇంకో డాక్టరుకు కూడా చూపించండి.

నర్సమ్మ ఆ పిల్లకు ఇవన్నీ చెప్పింది. చివరికి ఇట్లా అంది:

"నువ్వొక్కదానివే మందు వాడితే, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. నీకు తగ్గుతుంది. ఆయన దగ్గర్నుంచి మళ్ళీ వస్తుంది. ఇద్దరూ ఒకేసారి వాడాలి. మందు అయ్యేదాకా కలవకూడదు."

"నేను చెబితే వింటాడా అక్కా? చెయ్యి చేసుకుంటాడు."

"నువ్వు చెప్పినట్టు చెప్పకు. డాక్టరమ్మ చెప్పిందని చెప్పు. తిట్టినా ఆమెనే తిడతాడు."

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ రోగాలకు విడిగా ఒక గది ఉంటుంది. దాన్ని సురక్ష క్లినిక్ అంటారు. పరీక్షకూ మందులకూ డబ్బు తీసుకోరు. హెచ్.ఐ.వి. పరీక్ష కూడా అక్కడి ఆసుపత్రిలోనే చేస్తారు. హెచ్.ఐ.వి. అంటే ఎయిడ్స్ తెచ్చే పురుగు. అది ఒంట్లో ఉన్నా మనిషి ఏళ్ళ తరబడి మామూలుగానే కనిపిస్తాడు. 2004 నుంచి ప్రభుత్వం దీనికి ఉచితంగా మందులు ఇస్తోంది. రోజూ మందు వేసుకుంటే పనీపాటా చేసుకుని బతకవచ్చు. మన ఒప్పుదల లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు అని 2017లో చట్టం వచ్చింది. అడగడానికి సిగ్గయితే 1097కు ఫోను చేయవచ్చు. డబ్బులు పడవు. పేరు చెప్పనక్కరలేదు.

ఆ పిల్ల గురువారం ఆసుపత్రికి వెళ్ళింది. మందులు ఇద్దరికీ ఇచ్చారు. ఫోనులో చెబితే భర్త కేకలేశాడు. "నన్ను అనుమానిస్తున్నావా?" అన్నాడు.

"అనుమానం కాదయ్యా. ఇద్దరం మింగితేనే తగ్గుతుందంట. డాక్టరమ్మ చెప్పింది" అంది.

ఫోను పెట్టేశాడు. పదిరోజులకు ఇంటికి వచ్చాడు. ఆమె అన్నం పళ్ళెం పక్కన మాత్రలు పెట్టింది. మాట్లాడకుండా మింగాడు.

రక్తం పరీక్షకు మాత్రం ఇంకా రానంటున్నాడట. ఆమె పరీక్ష చేయించుకుంది. ఏమీ లేదన్నారు. మూడు నెలలకు ఇంకోసారి రమ్మన్నారు. అందాకా నిరోధ్ లేకపోతే పిల్లల పక్కనే పడుకుంటానని ఆయనతో చెప్పేసింది.