తీగ లేని మాట వెనుక ఉన్న చదువు

ఇంజనీరింగు కౌన్సెలింగ్ మొదలైన రోజుల్లో మా వద్దకు వచ్చే తల్లిదండ్రుల నోట ఒక ప్రశ్న ఏటేటా వినబడుతూనే ఉంటుంది. "మౌలానా, పిల్లవాడికి కంప్యూటర్ సైన్సు రాలేదు. ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్‌లో సీటు వచ్చింది. చేర్పించమంటారా, మరో ఏడాది ఆగమంటారా?"

ఈ ప్రశ్నకు జీతాల లెక్కలతో జవాబు చెప్పేవారు చాలామంది ఉన్నారు. మేము ఆ జోలికి పోదలచుకోలేదు. ఆ శాఖలో బోధించే పాఠాల్లో ఒకటైన మొబైల్, వైర్‌లెస్ నెట్‌వర్కుల పాఠం అసలు ఏమి చెబుతుందో, విద్యార్థి నుంచి ఏమి కోరుతుందో పాఠకుల ముందుంచితే నిర్ణయం వారే తీసుకోగలరు. మదరసాలో పాఠం చెప్పుకునేవారికి ఈ విద్యతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. మా వద్ద చదివి ఇంజనీరింగుకు వెళ్లిన పిల్లలు సెలవుల్లో పుస్తకాలతో సహా వచ్చి కూర్చుంటారు. వారికి ఎంత అర్థమైందో తెలుసుకోవాలంటే మేము కూడా ఆ పుస్తకాలు తెరవక తప్పలేదు.

జె.ఎన్.టి.యు. అనుబంధ కళాశాలల్లో ఈ విషయాన్ని చాలాకాలం 'సెల్యులర్ అండ్ మొబైల్ కమ్యూనికేషన్స్' అనే పేరుతో చివరి సంవత్సరంలో చెబుతూ వచ్చారు. విలియం లీ, థియోడర్ రాపపోర్ట్ రచించిన గ్రంథాలు విద్యార్థుల చేతుల్లో కనిపిస్తాయి. వాటిలో పాఠం ఫోనుతో మొదలు కాదు. శూన్యంలో సైతం సాగిపోగల తరంగంతో మొదలవుతుంది. ఆ తరంగం ఉండి తీరాలని 1865లో మాక్స్‌వెల్ గణితంతో చెప్పాడు. రెండు దశాబ్దాలు దాటిన తరువాత హెర్ట్జ్ దానిని ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. 1895 ప్రాంతంలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతల ఉన్న గంటను ఆ తరంగాలతోనే మోగించారు. ఆయన వాడినవి మిల్లీమీటర్ల పొడవు గల తరంగాలు. నేడు 5జి పేరుతో ప్రపంచం మళ్లీ ఆ పొడవుల వైపు చూస్తున్నది.

తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. 900 మెగాహెర్ట్జ్ వద్ద ఒక తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, 1800 వద్ద అందులో సగం. ఈ చిన్న లెక్క నుంచి మన ఇళ్లలో రోజూ జరిగే ఒక వింతకు సమాధానం దొరుకుతుంది. ఫోనులో మాట తెగిపోతుంటే మనిషి తెలియకుండానే నాలుగడుగులు పక్కకు వేస్తాడు, మాట మళ్లీ స్పష్టమవుతుంది. టవర్ నుంచి బయలుదేరిన తరంగం ఫోనుకు ఒక్క దారిలో రాదు. ఎదురింటి గోడకు, నీళ్ల ట్యాంకుకు, వెళుతున్న బస్సుకు తగిలి అనేక దారుల్లో వస్తుంది. ఒకదాని శిఖరం మరొకదాని శిఖరంతో కలిస్తే బలం పెరుగుతుంది, శిఖరం లోయతో కలిస్తే రెండూ పరస్పరం మాసిపోతాయి. ఈ హెచ్చుతగ్గు సుమారు అర తరంగం దూరంలోనే జరిగిపోగలదు. అంటే 900 మెగాహెర్ట్జ్ వద్ద జానెడు లోపు, 1800 వద్ద బెత్తెడుకు కాస్త ఎక్కువ. టవర్ ఎంత దూరంలో ఉన్నదన్నదే కాక, ఫోను ఏ బెత్తెడు చోటులో ఉన్నదన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ పైన విద్యార్థికి ఎదురయ్యే మాట డెసిబెల్. చాలామంది ఇక్కడే తడబడతారు. టవర్ మీది యాంటెన్నాకు 20 వాట్ల శక్తి ఇచ్చారనుకుందాం. ఫోనుకు అందేది, అది పనిచేయడానికి సరిపోయేది, ఒక వాటును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మాత్రమే కావచ్చు. ఇటువంటి అంకెలను మామూలుగా గుణించుకుంటూ పోతే బుద్ధి అలసిపోతుంది. అందుకని గుణకారాన్ని కూడికగా మార్చే లాగరిథమ్‌ను ఆశ్రయించారు. 10 డెసిబెళ్లంటే పది రెట్లు, 20 అంటే నూరు రెట్లు, 3 అంటే దాదాపు రెండు రెట్లు. ఈ మూడు వాక్యాలు నోటికి వచ్చి, అర్థం మనసుకెక్కిన విద్యార్థికి మిగిలిన పుస్తకం సగం తేలికవుతుంది. సర్ఫ్ రాని వాడికి అరబ్బీ వాక్యం ఎలా తెరుచుకోదో, లాగరిథమ్ రాని వాడికి ఈ శాస్త్రం అలాగే తెరుచుకోదు.

ఇక 'సెల్' అనే పేరు సంగతి. పూర్వం నగరానికి ఒక ఎత్తైన స్తంభం నిలబెట్టి, బలమైన ప్రసారంతో ఊరంతటినీ కప్పేవారు. 1976లో కోటి మంది గల న్యూయార్క్ నగర ప్రాంతంలో బెల్ సంస్థ మొబైల్ సేవకు 12 దారులే ఉండేవి. వాటితో 543 మంది చందాదారులకు మాత్రమే సేవ అందేది. దీనికి పరిష్కారం 1947లోనే బెల్ ప్రయోగశాలలో డగ్లస్ రింగ్ రాసిన పత్రంలో ఉన్నది. ఊరిని చిన్న చిన్న గదులుగా విభజించాలి. ప్రతి గదికి తక్కువ శక్తి గల ప్రసారం ఉండాలి. ఒక గదిలో వాడిన పౌనఃపున్యాన్నే కొంత దూరంలోని మరో గదిలో మళ్లీ వాడుకోవాలి. కాగితం మీద ఈ గదులను తేనెపట్టు అరల వలె ఆరు భుజాలతో గీస్తారు. ఖాళీ మిగలకుండా నేలను కప్పగల సమభుజ ఆకారాల్లో వృత్తానికి అతి దగ్గరగా ఉండేది అదే. నేల మీద మాత్రం ఏ గదీ ఆ ఆకారంలో ఉండదు. కొండలు, భవనాలు దానిని వంకరలు తిప్పుతాయి.

దీని నుంచి వచ్చే ఫలితాన్ని మా పాఠకులు ఒకసారి నిదానంగా ఆలోచించాలి. జనం పెరిగినప్పుడు స్తంభం ఎత్తు, శక్తి పెంచితే మేలు జరగదు. గదులను ఇంకా చిన్నవి చేసి, శక్తిని తగ్గించాలి. మా వీధిలో టవర్ వద్దు అని ఆందోళన చేసేవారు గమనించవలసిన సంగతి ఇది. టవర్ దూరమైన కొద్దీ చెవి దగ్గర ఉన్న ఫోనే ఎక్కువ శక్తితో అరవవలసి వస్తుంది. ఈ తరంగాలు ఎక్స్‌రేల వంటివి కావు. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి వీటికి లేదు. అలాగని ప్రశ్న పూర్తిగా ముగిసిందని కూడా అనరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో వీటిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చునన్న వర్గంలో, అంటే రుజువు పరిమితంగా ఉన్న వర్గంలో చేర్చింది. మన దేశం 2012 సెప్టెంబరు నుంచి టవర్ల ప్రసారానికి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును హద్దుగా పెట్టింది. వాట్సాప్‌లో వచ్చే భయాలకు, ఈ అంకెలకు మధ్య ఉన్న తేడాను ఇంట్లో చెప్పగల పిల్లవాడు ఒకడుంటే మంచిదే కదా.

ఈ పాఠంలో మాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం వేరు. అది డెన్మార్క్ గణితజ్ఞుడు అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ కథ. ఆయన కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఎంతమందికి ఎన్ని తీగలు సరిపోతాయో తేల్చే సూత్రాన్ని 1917లో ప్రకటించాడు. వంద మంది ఉన్న వాడలో ప్రతి ఒక్కరూ గంటకు సగటున మూడు నిమిషాలు మాట్లాడతారనుకుందాం. మొత్తం మూడు వందల నిమిషాలు, అంటే ఏ క్షణం చూసినా సగటున ఐదుగురు మాట్లాడుతుంటారు. దానిని ఐదు ఎర్లాంగ్‌లు అంటారు. ఐదుగురే కదా అని ఐదు దారులు వేస్తే చాలదు. ఒక్కోసారి ఎనిమిది మంది ఒకేసారి ఫోను ఎత్తుతారు, మరోసారి ఇద్దరే ఉంటారు. నూటికి ఇద్దరికి మించి 'లైన్లన్నీ బిజీ' అనే మాట వినబడకూడదంటే పది దారులు కావాలని సూత్రం చెబుతుంది.

ఇప్పుడు రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు మగ్రిబ్ తరువాత నెలవంక కనబడిందన్న వార్త వచ్చిందనుకోండి. అదే వాడలో అందరూ మామూలు కన్నా నాలుగు రెట్లు మాట్లాడబోతారు. ఆ పది దారుల మీద ఇరవై ఎర్లాంగ్‌ల భారం పడితే సగానికి పైగా కాల్స్ కలవవు. ముబారక్ చెప్పుకోవడానికి మళ్లీ మళ్లీ నొక్కే వేళ్లు ఆ భారాన్ని ఇంకా పెంచుతాయి. మరో వింత ఏమిటంటే, నాలుగు రెట్ల భారానికి నాలుగు రెట్ల దారులు అవసరం లేదు. ఇరవై ఎనిమిది చాలు. చిన్న చిన్న గుంపులకు విడివిడిగా ఇచ్చే దారుల కన్నా, పెద్ద గుంపుకు ఉమ్మడిగా ఇచ్చేవి ఎక్కువ మందికి అక్కరకు వస్తాయి. ఉమ్మడి కుటుంబంలో వంటపాత్రల లెక్క వంటిదే ఇది. 4జి, 5జిలలో మాట కూడా ముక్కలుగా ప్రయాణిస్తుంది, ఒక్కో కాల్‌కు ఒక దారి అని విడిగా ఉండదు. అయినా ఆలోచన మొదలయ్యేది ఎర్లాంగ్ దగ్గరే.

1948లో క్లాడ్ షానన్ వేసిన హద్దు మరొక మెట్టు. ఒక దారిలో ఎంత సమాచారం తప్పు లేకుండా పోగలదన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి ఆ దారి వెడల్పు, రెండవది రణగొణ ధ్వనితో పోల్చితే సంకేతానికి ఉన్న బలం. సంకేతం అప్పటికే బలంగా ఉన్నప్పుడు శక్తిని రెట్టింపు చేసినా వచ్చే లాభం స్వల్పం. ధ్వని పెరిగితే మాత్రం అందరికీ నష్టం. ఇది కాగితం మీది సూత్రం కాదు, ఇరుగుపొరుగుల సంగతి. నగరాల్లో సిగ్నల్ సరిగా అందక కొందరు అంగట్లో దొరికే బూస్టర్ పెట్టెను ఇంటి పైన బిగించుకుంటారు. అనుమతి లేని ఆ పెట్టె తమ ఇంట్లో గీతలు పెంచుతుందేమో గాని, టవర్ చెవిలో నిరంతరం హోరు పోస్తుంది. ఆ ప్రాంతంలోని మిగతా ఫోన్ల బలహీనమైన గొంతు ఆ హోరులో మునిగిపోతుంది. మస్జిద్‌లో నమాజు వేళ ఫోన్లు మోగుతున్నాయని జామర్ పెడదామనే ప్రతిపాదన కూడా అప్పుడప్పుడు వినబడుతుంది. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటం చట్టవిరుద్ధం. దాని హోరు మస్జిద్ గోడ వద్ద ఆగదు. పక్కింట్లో గుండెనొప్పి వచ్చిన వ్యక్తి కోసం అంబులెన్సుకు చేసే కాల్‌ను సైతం అది ఆపేస్తుంది. ఫోను కట్టేయమని చెప్పే పని ఇమామ్‌దే, యంత్రానిది కాదు.

వై-ఫై పాఠాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. ఎవరికి తోచినప్పుడు వారు పంపడం, ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపడం అందులోని పద్ధతి. లెక్క వేస్తే అటువంటి దారిలో గరిష్ఠంగా నూటికి 18 వంతులే పనికి వస్తుంది. అందరూ సమయపు గడులను పాటిస్తే అది 36 దాటుతుంది. మాట్లాడే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, ఆగి, ఆ తరువాత మాట్లాడే మర్యాదను వై-ఫై పాటిస్తుంది.

తరాల పేర్లు, అంటే 1జి నుంచి 5జి వరకు, పరీక్షకు బట్టీ పట్టే పిల్లలే ఎక్కువ. వాటి మీద అంత కాలం వెచ్చించవలసిన పని లేదని మా అభిప్రాయం. బోలెడు యాంటెన్నాలతో ఒకే పౌనఃపున్యం మీద అనేక ప్రవాహాలు పంపే ఆలోచన మీద వెచ్చించడం మేలు. పొల్లాచ్చిలో పుట్టి, భారత నౌకాదళంలో పనిచేసి, స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ దీనికి ఆద్యుల్లో ఒకరు. 2014లో ఆయనకు మార్కోని బహుమతి లభించింది. గోడలకు తగిలి చీలివచ్చే దారులు అంతవరకు బెడదగానే కనిపించేవి. ఆయన పద్ధతిలో అవే వేర్వేరు ప్రవాహాలను మోసే దారులయ్యాయి. దీనిని అర్థం చేసుకోవడానికి మాత్రికలు రావాలి. తరంగాల హెచ్చుతగ్గులకు సంభావ్యత, సంకేతాలకు ఫోరియర్ గణితం రావాలి. మొదటి రెండేళ్లలో గణితాన్ని మార్కుల కోసం దాటవేసిన విద్యార్థి చివరి ఏడాది ఈ పుస్తకంలో మాటలు మాత్రమే చదువుతాడు. 'ఇంపార్టెంట్ ప్రశ్నల'తో ఉత్తీర్ణుడైతే కావచ్చు, ముఖాముఖిలో డెసిబెల్ అడిగితే నీళ్లు నములుతాడు. అధ్యాపకులు కరువైన కళాశాలలో చేరినవారికి ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

కనుక లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడికి ఈ సీటు వస్తే ఏడాది వృథా చేయవద్దని చెబుతాము. లెక్కల నుంచి తప్పించుకోవాలనుకునేవాడికి ఈ శాఖ వద్దు. ఆడపిల్లలకు ఇది తగదు, టవర్లెక్కాలి అనేవారికి ఒక్క మాట. ఎక్కడ ఏ స్తంభం, ఏ దిక్కుకు ఎంత వంపు, ఏ పౌనఃపున్యం అని నిర్ణయించే పని కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది. స్తంభమెక్కి బిగించే పని దానికి వేరు.

చేరాలా వద్దా అని తేల్చుకునే లోపు ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో, ఫోను వివరాల కింద సిమ్ స్థితి అనే చోట సిగ్నల్ బలం మైనస్ గుర్తుతో ఒక అంకెగా కనిపిస్తుంది. కాగితం మీద ఇంటి పటం గీసి, ఒక్కో గదిలో ఆ అంకెను రాయమనండి. వరండాలో మైనస్ 85, లోపలి గదిలో మైనస్ 108 వచ్చిందనుకుందాం. తేడా 23 డెసిబెళ్లు, అంటే రెండు వందల రెట్లు. ఆ రెండు వందల రెట్లు ఏ గోడ వద్ద, ఏ ఇనుప బీరువా వెనుక పోయాయో వెతకడానికి ఆ పిల్లవాడు తనంతట తాను లేచి వెళ్తాడా, లేదా అన్నది చూడండి.