మీరంటే మీరు!

ఊరికి చుట్టం వచ్చాడు. "మా అన్నగారింట్లో భోంచేయండి" అన్నాడు తమ్ముడు. "మా తమ్ముడింట్లో వంటయింది, అక్కడికి వెళ్ళండి" అన్నాడు అన్న. ఇద్దరి మర్యాదకూ లోటు లేదు. చుట్టం మాత్రం పస్తున్నాడు. స్వలింగ వివాహాన్ని చట్టం గుర్తించాలని కోరేవారికి మన రాజకీయపక్షాలు చేసిన ఆతిథ్యం అచ్చంగా ఇటువంటిదే.

2015 డిసెంబరు 18న శశిథరూర్ గారు 377వ సెక్షనును సవరించే బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టబోయారు. చర్చ సంగతి అటుంచండి, ప్రవేశానికే సభ ఒప్పుకోలేదు. కాదన్నవారు 71 మంది, అవునన్నవారు 24 మంది, తటస్థంగా వున్నది ఒక్కరు. మనం ఎన్నుకొని పంపేది 543 మందిని! తక్కినవారి అభిప్రాయం ఏమిటో దేవుడికెరుక.

2018లో అదే సెక్షను సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. "ఇది న్యాయస్థానం విజ్ఞతకే వదిలేస్తున్నాం" అన్నది కేంద్రప్రభుత్వం. సెప్టెంబరు 6న కోర్టు తీర్పు చెప్పింది. నిందా, శ్రమా పార్లమెంటుకు తప్పాయి.

తరువాత పెళ్ళి ప్రశ్న వచ్చింది. మన హైదరాబాదులో కాపురముంటున్న సుప్రియో, అభయ్ అనే జంట 2022లో సుప్రీంకోర్టుకెక్కారు. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టం తమకూ వర్తించాలని వారి కోరిక. ఈసారి ప్రభుత్వం, "ఇది పార్లమెంటు తేల్చవలసిన విషయం, కోర్టుకేం పని?" అన్నది. వివాహం మాట వేరని వారు వాదించవచ్చు. ఆ వాదనలో కొంత న్యాయమూ వున్నది. కాని ఆ చట్టాన్నే సవరించాలని సుప్రియా సూలే గారు 2022 ఏప్రిల్‌లో లోక్‌సభలో బిల్లు పెట్టారు గదా! అది చట్టం కాకుండానే ఆ సభతోపాటు కాలం చేసింది.

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. చట్టం చేయటం శాసనసభల పని అన్నారు. 2025 జనవరిలో పునర్విచారణ కోరిన పిటిషన్లూ వీగిపోయాయి. చుట్టం మళ్ళీ అన్నగారి గుమ్మం ముందు నిలబడ్డాడు.

ప్రతిపక్షాలు మాత్రం తక్కువ తిన్నాయా? కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే 2023 మే నాటికి ఏడు రాష్ట్రాలే బదులిచ్చాయి. ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్ వద్దన్నాయి, నాలుగు గడువడిగాయి. ఆ ఏడింటిలో మన తెలంగాణ లేదు. అప్పుడు రాజస్థాన్‌ను ఏలుతున్నది కాంగ్రెసు. ఏడాది తిరగకుండానే, 2024 ఎన్నికల ప్రణాళికలో ఆ కాంగ్రెసే ఇటువంటి జంటల సహజీవనానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇస్తామన్నది! ఆలోచన మారటం తప్పు కాదు. మారిందని చెప్పకపోవటమే వింత.

ఇది నగరాల్లోని ఉన్నతవర్గాల మోజు అని కేంద్రం కోర్టులో వాదించింది. మా సదాశివనగర్ వంటి చోట్ల ఇటువంటి మనుషులు పుట్టరని ఎవరు లెక్క తీశారు? నగరంలో వున్నవారు పేరు చెప్పుకోగలరు, వకీలును పెట్టుకోగలరు. పల్లెలో వున్నవారు నోరు విప్పలేరు. తేడా అంతే. 2024లో ఆ ప్రభుత్వమే, ఇటువంటి జంటలను రేషను కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడవచ్చుననీ, బాంకులో ఉమ్మడి ఖాతా తెరవవచ్చుననీ చెప్పింది. రేషను బియ్యం ఉన్నతవర్గాల మోజేనా? బియ్యం దగ్గర కుటుంబమైనవారు వారసత్వం దగ్గర పరాయివారెలా అవుతారు?

మౌనం ఖరీదు తెలియాలంటే మరొక సంగతి చూడండి. హిజ్రాలను వారంటు లేకుండానే అరెస్టు చేయనిచ్చే నిజాం కాలపు ఫసలీ 1329 నాటి చట్టం మన ప్రాంతంలో వుండేది. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, తెలంగాణ వచ్చింది. ఏ ప్రభుత్వమూ దాన్ని రద్దు చేయలేదు. చివరకు 2023 జులైలో హైకోర్టు కొట్టివేసింది.

స్వలింగ వివాహం వద్దనుకునేవారు వుంటారు. వారు సభలో లేచి, కారణం చెప్పి, వద్దని వోటు వేయనివ్వండి. ఆ నిజాయితీకి నమస్కరిద్దాం. కావాలనేవారూ అలాగే చేయనివ్వండి. వోటు అడగటానికి మన వాకిట్లోకి వచ్చినవారిని, "అయ్యా, ఈ విషయంలో తమరి మాట ఏమిటి?" అని అడగటం మన వంతు.