చేతులు మారిన బ్యాటు

క్రికెట్ ఆటకు కావలసిన సామగ్రిలో బంతి అరుగును, గ్లవుసులు చిరుగును, ప్యాడ్లు పాతబడును. వానిని పారవేయుటకు ఎవరును వెనుదీయరు. బ్యాటు మాత్రము అట్లు కాదు. అన్న చేతినుండి తమ్మునికి, కళాశాల జట్టునుండి పాఠశాల జట్టునకు, పట్టణములోని పాతసామానుల అంగడినుండి పల్లెలోని కుఱ్ఱవానికి అది ప్రయాణము చేయుచునే యుండును. ఇంగ్లీషు విల్లో కఱ్ఱతో చేసిన కొత్త బ్యాటు వెల నేడు వేల రూపాయలలో ఉన్నది. అంత సొమ్ము వెచ్చింపలేని యింటిలో పిల్లవాడు ఆట సాగించునా, మానుకొనునా అనునది ఒక్కొక్కప్పుడు ఇట్టి పాత బ్యాటు పనికివచ్చునా, రాదా అనుదానిపైననే ఆధారపడి యుండును. కనుక దానిని ఎట్లు పరీక్షింపవలెనో, ఇంటివద్ద ఎంతవరకు బాగుచేసికొనవచ్చునో, ఎక్కడ చేయి నిలుపవలెనో తెలిసికొనుట మంచిది.

బ్యాటు ఒకే కఱ్ఱ కాదు. బంతిని కొట్టు పలకను విల్లో కలపతోను, పిడిని పేముతోను చేయుదురు. పేము బద్దలను జిగురుతో అతికి, నడుమ రబ్బరు పొరలు పెట్టి, పిడి మొదలును మేకువలె సన్నగా చెక్కి, పలక తలలో కోసిన గాడిలో బిగింతురు. బంతి తాకినప్పటి అదురు చేతులకు అంతగా చేరకపోవుటకు ఈ పేము, రబ్బరులే కారణము. విల్లో తేలికైన కలప, మెత్తని కలప. అందుచేత పలకను యంత్రపు రోలర్ల క్రింద గట్టిగా నొక్కి, పైపొరను బిగువు చేయుదురు. ఈ బిగిసిన పొర మందము స్వల్పము. పాత బ్యాటును బాగుచేయువారు మొదటినుండి చివరివరకు మరువరాని విషయ మిది.

మన దేశమున ఈ చెట్టు కాశ్మీరులో పెరుగుచున్నది. అనంతనాగ్ జిల్లాలో బిజ్‌బెహారా, సంగం ప్రాంతములందు బ్యాట్లు చేయు కార్ఖానాలు పెక్కు కలవు. 1947 లో దేశవిభజన జరిగినప్పుడు సియాల్‌కోటనుండి వచ్చిన పనివారు జలంధరు, మీరట్ పట్టణములలో క్రీడాసామగ్రి పరిశ్రమను పెంపొందించిరి. కాశ్మీరు విల్లో ఇంగ్లీషు విల్లోకంటె సాధారణముగా బరువైనది, గట్టిది. రంగు కొంచెము ఎఱుపు. బంతి దానిమీదినుండి అంత చురుకుగా పోదు. అయినను నేర్చుకొనువానికి ఆ లోపము లోపము కాదని నా అభిప్రాయము.

ఇక పరీక్ష. బ్యాటుకు అంటించిన బొమ్మకాగితములను, ముఖముపై పారదర్శకపు పొర ఉన్నచో దానిని ఊడదీసి చూచుటకు అమ్మువాడు అంగీకరించునేమో ముందు అడుగవలెను. పగుళ్ళు చాలవరకు వాని క్రిందనే దాగియుండును. నార వెంబడి నిలువుగా ఏర్పడిన సన్నని పగుళ్ళకు భయపడ నక్కరలేదు. ఆడిన బ్యాటుకు అవి సహజములు. నారకు అడ్డముగా, ముఖమునుండి వీపువైపు సాగిన పగులు కనిపించినచో ఆ బేరము విడిచిపెట్టుటే మేలు. జిగురు ఆ పగులును కొన్నాళ్ళు మూయగలదే కాని పలకకు పూర్వబలము నీయజాలదు. ఏదో ఒకనాడు పలక విరిగి, ఎగిరిన ముక్క దగ్గర నిలిచిన ఆటగానికి తగులవచ్చును.

తరువాత పిడిని ఒక చేతను, పలకను మరియొక చేతను పట్టి మెల్లగా మెలిపెట్టి చూడవలెను. కిఱ్ఱుమను చప్పుడు వచ్చినను, అతుకువద్ద సన్నని సందు తెఱచుకొని మూసికొన్నను పిడి వదులైనదన్నమాట. పలకమీద వేలికణుపుతో అచ్చటచ్చట తట్టి వినుడు. ఖంగున పలికిన చోటు మంచిది. బోలుగా, మొద్దుగా పలికిన చోట లోపల పొరలు విడియుండును. కుండలు కొనునప్పుడు మన ఇల్లాండ్రు చేయు పరీక్షయే ఇది. చెవికి కొంచెము అలవాటు కావలెను, అంతే.

పిల్లవానికై కొనునప్పుడు కొలత కూడ చూడవలెను. వాడు నిటారుగా నిలిచినప్పుడు కాలిప్రక్కన నిలిపిన బ్యాటు పిడి తల తుంటియెముక దరిదాపున ఉండవలెను. తండ్రి బ్యాటును అడుగున కోసి కుఱుచచేసి కొడుకు చేతికిచ్చువారు కలరు. అట్లు చేయుట నాకు సమ్మతము కాదు. పలక క్రిందిభాగము పోయినచో తూకము పైకి జరుగును. పిడి లావు మాత్రము తగ్గదు. కోసినచోట నార తెఱచుకొని తేమ పీల్చును.

మంచి బ్యాటు దొరికినదనుకొందము. పాత రబ్బరు తొడుగును చాకుతో నిలువునకోసి తీసివేయుడు. ముఖముమీది పొరను కొంచెము ఎండ తగిలించి, జిగురు మెత్తబడిన పిమ్మట, నార వెంబడి మెల్లమెల్లగా లాగవలెను. ఆత్రపడి ఒక్కపెట్టున లాగినచో కఱ్ఱ పేళ్ళుకూడ దానితో లేచివచ్చును. మిగిలిన జిగురును, మట్టిని, ఎఱ్ఱని బంతి మరకలను గరుకు కాగితముతో రుద్దవలెను. మన వడ్రంగులు దీనినే ఉప్పుకాగితమందురు. ముందు నడితరము గరుకు, పిమ్మట నున్ననిది. రుద్దుట ఎల్లప్పుడు నార వెంబడియే. మరక పోలేదని పట్టుపట్టి ముఖమును లోతుగా రుద్దరాదు. యంత్రము బిగించిన పొర అరిగినచో క్రింది మెత్తని కఱ్ఱ బయటపడి బంతి దెబ్బకు నొక్కులు పడును. మరకలు ఉన్నను పరుగులు వచ్చును. చిత్రిక పట్టి బ్యాటును తేలిక చేయవలెనను కోరికను కూడ అణచుకొనుడు.

నిలువు పగుళ్ళలోనికి వడ్రంగులు వాడు తెల్లజిగురును చీపురుపుల్లతో గాని, సూదిలేని పిచికారితో గాని ఎక్కించి, బయటికి ఉబికినదానిని తుడిచి, గుడ్డపేలికలతో గట్టిగా చుట్టి, ఒక రాత్రి, ఒక పగలు కదలింపకుండ ఉంచవలెను. అంచులు నలిగియున్నచో పేళ్ళను ఇట్లే అతికి, ఆరిన తరువాత నునుపుచేసి, పైన నారపట్టీ అంటింపవచ్చును. పట్టీ మందమునకును నియమ మున్నది. పలకపై రక్షణకో మరమ్మతుకో అంటించునది 1 మిల్లీమీటరు మించరాదని క్రికెట్ నిబంధనము. బ్యాటు పొడవు 38 అంగుళములు, వెడల్పు 4¼ అంగుళములు దాటరాదు. 1771 లో ఇంగ్లండున ఒక ఆటగాడు వికెట్ల వెడల్పు గల బ్యాటుతో మైదానములోనికి వచ్చుటచే ఈ వెడల్పు నిర్ణయము పుట్టినది! 2017 నుండి పలక మందమును 67, అంచు మందమును 40 మిల్లీమీటర్లకు పరిమితము చేసిరి. మచిలీపట్నమునుండి వెళ్ళిన తెలుగు కుటుంబమున నాగపురములో జన్మించిన సి. కె. నాయుడు 1926 లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సరులతో 153 పరుగులు చేసిన కాలమున బ్యాటు అంచులు నేటివానితో పోల్చిన ఎంతో సన్నము.

పిడికి చుట్టిన దారము ఊడినచో, మైనము పూసిన గట్టి దారమును పలక భుజములనుండి పైకి, చుట్టుకు చుట్టు తాకునట్లు బిగించి చుట్టి, కొసను చివరి చుట్ల క్రిందికి లాగి, పైన పలుచగా జిగురు పూయవలెను. అతుకే వదులైనచో, లేదా పేము విరిగినచో, అది మన పని కాదు. కొత్త పిడిని గాడిలో వెంట్రుకవాసి సందులేకుండ కూర్చుట చేయితిరిగిన బ్యాటు పనివానికే సాధ్యము. అట్టివాని కూలికి వెనుదీయరాదు.

ఇక నూనె. దీనికి అవిసెనూనె వాడుదురు. పువ్వులు కూరవండుకొను అవిసెచెట్టుకును దీనికిని సంబంధము లేదు. ఇది కొన్ని సీమలలో మదనగింజలని పిలుచు గింజలనుండి తీసినది. రంగుల అంగడిలో కాచిన అవిసెనూనె, పచ్చినూనె అని రెండు విధములు అమ్ముదురు. త్వరగా ఆరుటకు కాచినదానిలో ఇతర ద్రవ్యములు కలుపుదురు. బ్యాటుకు పచ్చినూనె కావలెను. ఒకటి రెండు చెంచాల నూనెను మెత్తని గుడ్డతో ముఖమునకు, అంచులకు, అడుగునకు, వీపునకు పలుచగా పట్టించి, ముఖము పైకుండునట్లు పరుండబెట్టి ఒక దినము ఆరనీయుడు. పిడి అతికిన చోట నూనె తగులనీయరాదు. జిగురు పట్టు సడలును. ఎండిన కఱ్ఱయని తోచినచో రెండవ పూత ఇంకను పలుచగా వేయవచ్చును. నూనెలో ముంచి ఉంచినచో మంచిదనువారి మాట వినకుడు. ఎక్కువ నూనె త్రాగిన బ్యాటు బరువెక్కును, చచ్చుపడును.

ఇక్కడ ఒక హెచ్చరిక. అవిసెనూనె ఆరునప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి వేడి పుట్టించును. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో ఆ వేడి లోపలనే పెరిగి, నిప్పు సోకకయే గుడ్డ అంటుకొనవచ్చును. ఆ గుడ్డలను ఆరుబయట విప్పి పఱచి ఆరబెట్టవలెను, లేదా నీటిలో తడిపి పారవేయవలెను. పిల్లలు ఈ పని చేయుచున్నప్పుడు పెద్దలు దగ్గరనుండి ఈ సంగతి చూచుకొనవలెను.

నూనె బాగుగా ఆరిన తరువాత పలకను తిరిగి దెబ్బలకు అలవాటు చేయవలెను. కొయ్య కొడతితో గాని, మేజోడులో వేసిన పాత బంతితో గాని ముఖమంతయు మెల్లగా మొదలుపెట్టి క్రమముగా బలము హెచ్చించుచు కొట్టవలెను. అంచులను నేరుగా ఎన్నడును కొట్టరాదు. ముఖము అంచును కలియుచోట ఏటవాలుగా, సున్నితముగా తట్టి గుండ్రని వంపు తేవలెను. కొత్త బ్యాటుకు ఇది గంటలకొలది పని. పాతదానికి గంటా రెండు గంటలు చాలును. మిట్టమధ్యాహ్నము చేసినచో ఇరుగుపొరుగువారు మీ ఆటపై అభిమానము కోల్పోవుదురు. ఆపైన కొన్ని దినములు పాతబంతితో తేలిక క్యాచ్‌లు ఇచ్చుచు, ఎక్కడైన నొక్కులు పడుచున్నవేమో చూడవలెను. పడినచో మరల కొడతి పట్టుడు.

కొత్త రబ్బరు తొడుగును చివర ఎక్కించిన మాత్రమే చాలును. పిడికి పలుచని ప్లాస్టిక్ సంచి చుట్టి, తొడుగు లోపల ముఖమునకు పూసికొను పౌడరు చల్లి, పైనుండి క్రిందికి జరిపి, పిమ్మట సంచిని లాగివేసినచో పని తేలికగా ముగియును. బ్యాటును సిమెంటు నేలమీద గోడకు ఆనించి నిలువబెట్టరాదు; వానకాలమున, అందులోను మన కోస్తా జిల్లాలలో, అడుగు తేమ పీల్చి ఉబ్బును. తడిసిన మైదానములో ఆడిన దినమున ఇంటికి రాగానే అడుగు తుడిచి నీడలో పరుండబెట్టుడు. మండుటెండలోను, ఎండలో నిలిపిన కారులోను ఉంచకుడు. తేమ పూర్తిగా ఆరిన విల్లో పెళుసై పగులును. ఆటలు లేని నెలలలో గుడ్డసంచిలో పెట్టి, ఇంటిలో చల్లని చోట, మంచము క్రిందనైనను సరే, అడ్డముగా ఉంచుడు.